గంజి పోని గుడ్డ

నగరిలో చెంగయ్య నలభై ఏండ్లు మగ్గం నేసినాడు. మగ్గం అమ్మేసినాక ఊరి బయటి కుంటలో నీటిపురుగులు పట్టి బతుకుతున్నాడు. ఆవగింజలో సగం కూడా ఉండవు అవి. నీళ్లలో ఎగిరెగిరి పడతా ఉంటాయి. తమిళనాడు పక్క రంగుచేపలు పెంచే మురుగేష్‌కు అవే కావాల. అప్పుడే పుట్టిన చేపపిల్లలకు అంత చిన్న తిండి ఇంకోటి లేదంట. చెంగయ్య పొద్దున బస్సుకు క్యాను ఎక్కిస్తే, కండక్టరు ఎండ తగలకుండా తన సీటు కింద పెట్టుకొని పోతాడు. అడక్కుండానే.

పురుగులను దేవే గుడ్డ మగ్గం అమ్మేముందు భార్య తిరుమలమ్మ నేసింది. నీళ్లు దిగాల, పురుగు నిలవాల, అంత పలచగా. "స్వామి ఇచ్చినాడని అంతా ఊడ్సుకపోతావా? ఇత్తనం ఉండనీ" అని మొదటి దోసిలి తిరిగి కుంటలోకే వదిలించేది.

ఆమె పోయి నెలయింది. చెంగయ్యకు ఏడుపు రాలేదు. కూడు పెడితే తిన్నాడు, లేకుంటే లేదు. దీపం వెలిగించినాడు గానీ ఏం మొక్కుకోవాలో తోచలేదు. కుంట దిక్కుకే పోలేదు.

మురుగేష్ ఫోన్ చేసినాడు. "అన్నా, నెల ఓపిక పట్టినా. చేపపిల్లలు చస్తా ఉండాయి. రేపు క్యాను రాకుంటే వేరేవాళ్లను చూసుకుంటా, కోపం చేసుకోవద్దు."

ఆ పనీ పోతే ఇక పొద్దున్నే లేచేదానికి ఏమీ లేదు. గుడ్డ తీస్తే ఎలుక కొరికేసి ఉంది. పక్కింటి మునిరత్నమ్మ చూసి, పెట్టెలోంచి మడత ఇప్పని గుడ్డ తెచ్చింది.

"మగ్గం అమ్మేముందు తిరుమలక్క ఆఖరున నేసింది, సెంగన్నా. ఇదీ అంతే పలచన. నా మనవరాలి ఉయ్యాలకని ఇచ్చింది. వాడబుద్ధి కాక దాసినా. తీసుకో."

తెల్లారి దేవినాడు. నీళ్లు దిగలేదు. పురుగులు ఒకదానిమీదొకటి పడి నలిగినాయి. క్యానులో నీళ్లు పాలమాదిరి తెల్లబడినాయి. గంజి! నలభై ఏండ్లు పడుగు నూలుకు గంజి పెట్టినోడికి కొత్తగుడ్డలో గంజి ఉంటుందని గుర్తు రాలేదు. గట్టుమీద కూర్చుండిపోయినాడు. బస్సు పోయింది.

రాగిజావ తెచ్చిన మునిరత్నమ్మ క్యాను చూసింది. "మగ్గంగుంతలో పుట్టినోడివి, గంజి మరిసినావా?" అని నవ్వబోయి, ఆయన మొగం చూసి ఆగింది. "లే అన్నా. మధ్యాన్నం బస్సుండాది. కుంటలో ఉతకొద్దు, ఉన్నవీ సస్తాయి. బోరు కాడికి పా."

ఆమె బోరు కొడతా ఉంటే చెంగయ్య పిండినాడు. ఒకసారి, రెండోసారి, ఏడుసార్లు. తెల్లటి నీళ్లు కాలువలో పడి పోతా ఉన్నాయి. పుల్లటి గంజి వాసన. అది తిరుమలమ్మ కాచిన గంజి. చెంగయ్య ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, మళ్లా పిండినాడు. నీళ్లు తేటపడేదాకా ఆపలేదు.

మళ్లా కుంటలో దిగినాడు. ఈసారి నీళ్లు జారిపోయినాయి, పురుగులు గుడ్డమీద ఎర్రగా మెదిలినాయి. చేతులే ముందు కదిలి మొదటి దోసిలి నీళ్లలోకి వదిలినాయి.

"ఇత్తనం" అన్నాడు చెంగయ్య, ఎవరితోనో అన్నట్టు. తర్వాత క్యాను నింపుకున్నాడు.