ఎర్రగీత దాటిన ముల్లు

నిన్న తిరుపతిలో కొత్త కారు చూడటానికి వెళ్లాను. అద్దంలా మెరిసే తెర మీద పాటలు, దారులు, టైర్లలో గాలి ఎంతుందో తెలిపే అంకెలు అన్నీ కనిపించాయి. ఇంజను వేడిని చూపే ముల్లు మాత్రం కనిపించలేదు. అమ్మే యువకుణ్ణి అడిగితే, "ఇప్పుడు ముల్లు యాడుంటాది సార్! వేడెక్కితే ఎర్ర లైటు వస్తాది, అప్పుడు ఆపేస్తే సాలు" అని నవ్వాడు. ఉద్యోగ జీవితమంతా శ్రీహరికోటలో ఉష్ణమాపకాల నిజానిజాలు తేల్చడంలో గడిపినవాణ్ణి. ఎంత వేడి అని అడిగితే 'చాలా' అని జవాబిచ్చే పరికరాన్ని పరికరంగా ఒప్పుకోవడం నాకు కష్టం. అయినా ఆ ముల్లు లేని తెరను చూడగానే మొదట కలిగింది ఉపశమనమే. అందుకు కారణం ఐరాలలో ఉన్న మా చిన్నాయన పాత కారు.

చిన్నాయన అంటే మా నాయనకు తమ్ముడు. సేద్యం మనిషి. అప్పటికే చాలాకాలం తిరిగిన ఆ తెల్లకారును చిత్తూరులో కొని, మా వైపు ఏ బండి కొన్నా చేసినట్టే, ఇంటికి తేకముందే కాణిపాకం తీసుకుపోయి పూజ చేయించాడు. చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి, అద్దానికి పసుపు బొట్టు పడింది, స్టీరింగు పక్కన ఇత్తడి వినాయకుడు కూర్చున్నాడు. ఆ విగ్రహం మా చిన్నమ్మ ఎంపిక. అయితే మన ఎండలకు జిగురు కరిగి స్వామి ఒకనాడు పక్కకు ఒరిగాడు. చిన్నమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. మరునాడు చిన్నాయన డ్యాష్‌బోర్డుకు రంధ్రం పొడిచి, తలుపు బందులకు వాడగా మిగిలిన స్క్రూ ఒకటి కింది నుంచి బిగించి స్వామిని స్థిరపరిచాడు. కొన్నేళ్లపాటు అందరూ సుఖంగా ఉన్నారు.

ఆ తరువాత చిన్నమ్మ ఎడమ కన్ను మసకబారడం మొదలైంది. కంటి వెనక పొరలో నీరు చేరుతోందనీ, నెలనెలా కంట్లోకి సూది వేయాలనీ, ఆలస్యమైతే పోయిన చూపు తిరిగి రాదనీ తిరుపతి డాక్టరు చెప్పారు. సరిగ్గా అప్పుడే ముల్లు పిచ్చిపట్టినట్టు ప్రవర్తించసాగింది. ఐరాల నుంచి తిరుపతికి పోయేటప్పుడు దారిలో ఎక్కడో ఒకచోట ఎర్రగీత దాటేది. వెనుకటికి ముల్లును లెక్కచేయక ట్రాక్టరు ఇంజనును కాల్చుకున్న అనుభవం చిన్నాయనది. ఎర్రగీత తాకిందంటే ఆయన బండి ఆపాల్సిందే, బానెట్టు ఎత్తాల్సిందే, చెట్టు నీడలో బీడీ వెలిగించాల్సిందే. ఇంజను చల్లారేలోగా ఆసుపత్రిలో ఆ రోజుకు ఓ.పి. చీటీలు ఇవ్వడం ఆపేసేవారు. అలా ఒక సూది తప్పింది, ఆ తరువాతి నెల ఇంకొకటి తప్పింది. నా కారు తెస్తానంటే చిన్నమ్మ ససేమిరా అంది. "నా సామి ఉండే బండిలో అయితేనే వస్తా. దారిలో ఆ సామి నా ముందర లేకుంటే కంట్లోకి సూది నేను పొడిపించుకోను" అని తేల్చేసింది.

కాబట్టి చూపు నిలవాలంటే ముల్లు దారికి రావాలి. ఆ పని నా మీద పడింది. పద్ధతి ప్రకారమే మొదలుపెట్టాను. ఇంజను వేడిని పసిగట్టే సెన్సారును ఊడదీసి, నీళ్లలో వేసి, పొయ్యి మీద పెట్టి, పక్కన థర్మామీటరు ఉంచి, ఒక్కొక్క డిగ్రీకీ విద్యుత్ నిరోధం ఎంతో కొలిచాను. "రసం గిన్నెలో బండి సామాను ఉడకబెడతాండావా అబ్బా? రేపటికి తాలింపు కూడా పెట్టమంటావా?" అని చిన్నమ్మ దెప్పింది. సెన్సారు నిక్కచ్చిగా ఉంది. అయినా కొత్తది వేశాను. ఇంజను నీళ్ల వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ మార్చాను. తీగల కొసలు గీకి శుభ్రం చేశాను. చిత్తూరు పాత సామాన్ల అంగట్లో వెదికి గడియారం లాంటి ఆ మీటరునే మార్చాను. ఒంటరిగా పాకాల దాకా నడిపితే ముల్లు మధ్యలో బుద్ధిగా నిలిచేది. చిన్నమ్మతో తిరుపతి బయలుదేరితే మళ్లీ పైకి. పైగా సూది తప్పాక తిరుగు ప్రయాణంలో, ఆమె వెనక సీట్లో పడుకుని వచ్చేటప్పుడు, ఏ లోపమూ ఉండేది కాదు. ఎండ దిక్కా, రోడ్డు ఎత్తా, బరువా అని లెక్కలు వేసి వేసి నాకు నిద్ర కరువైంది. "రాకెట్ల వేడి కొలిసినోడివి, మా బండి వేడి తెలీలేదా నీకు?" అని చిన్నాయన అడిగినప్పుడు మీటరును నేలకేసి కొట్టాలనిపించింది.

మూడో నెల సూది రోజు నేనే వెనక సీట్లో కూర్చున్నాను. చిన్నాయన నడుపుతున్నాడు, చిన్నమ్మ ముందు కూర్చుంది. పూతలపట్టు దాటేదాకా ముల్లు కదలలేదు. తిరుపతి ఎంత దూరమో చెప్పే పచ్చబోర్డు కనిపించగానే చిన్నమ్మ చేయి చాచి వినాయకుణ్ణి పట్టుకుంది. ముల్లు ఎర్రగీత దాటింది. ఏ ఇంజనులోనూ నీళ్లు అంత వేగంగా మరగవు. చిన్నాయన అప్పటికే బండి పక్కకు తీస్తున్నాడు. నేను మీటరును వదిలి ఆమె వేళ్ల వైపు చూశాను. గోళ్లు తెల్లబడేంతగా స్వామిని కిందికి అదుముతోంది.

"సిన్నమ్మా, ఒకసారి చెయ్యి తియ్యి" అన్నాను. తీసింది. ముల్లు దిగింది. మళ్లీ పెట్టమన్నాను. లేచింది.

సంగతి అర్థమైంది. పొడవు ఎక్కువై కిందికి మిగిలిపోయిన ఆ స్క్రూ తల డ్యాష్‌బోర్డు లోపల సెన్సారు తీగ తొడుగును ఒరిసి, విగ్రహాన్ని అదిమినప్పుడల్లా తీగను లోపలి ఇనుప చట్రంతో కలుపుతోంది. ఆ కలయికనే మీటరు విపరీతమైన వేడిగా చదువుతోంది.

"అంటే ఇన్నాళ్లూ మండింది బండి కాదా? నువ్వేనా!" అన్నాడు చిన్నాయన.

"నేనేం చేసినా? సూది తలుసుకుంటే గుండె దడదడ అంటాది. సామిని పట్టుకున్నా, అంతే కదా."

ఈ ఒక్కరోజుకు చేయి తీసేయమన్నాను. "అయితే బండి ఇంటికి తిప్పు" అంది. చిన్నాయన ఆమె వైపు చూశాడు, ముల్లు వైపు చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి మీటరు కనబడకుండా కప్పేశాడు. "పట్టుకో. ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా పట్టుకో" అని బండిని రోడ్డెక్కించాడు. ఇంజను నిజంగానే వేడెక్కితే తెలిసే దారి ఇక లేదు. చంద్రగిరి దాటేదాకా ముక్కు ఎగబీల్చి కాలిన వాసన కోసం వెదుకుతూ కూర్చున్నాను. అంత నిస్సహాయంగా నేను ఏ ప్రయోగం ముందూ కూర్చోలేదు. చీటీలు ఆపకముందే చేరాము.

ఆ వారంలోనే పొట్టి స్క్రూ వేసి, తీగకు కొత్త తొడుగు చుట్టాను. ముల్లు మళ్లీ పెరగలేదు. చిన్నమ్మ చేయి మాత్రం ప్రతి నెలా ఆ బోర్డు దగ్గర స్వామి మీదికి పోతూనే ఉంది. ఆమె భయం ఎంతో ఇప్పుడు చూపే పరికరం లేదు. సూదులు పడ్డాక చూపు అక్కడికి నిలిచింది. ఆ రెండు సూదులు తప్పిన నెలల్లో పోయింది మాత్రం తిరిగి రాలేదు. కుడి కన్ను మూసుకుని నన్ను చూస్తే నా ముఖం ఉండాల్సిన చోట మసక చుక్క కనిపిస్తుందట. తల కాస్త పక్కకు తిప్పితే గానీ నేను దొరకను. కాలం పోయిందని మనమంతా సులువుగా అంటాము. రోడ్డు పక్కన బానెట్టు ఎత్తి కూర్చున్న ఆ గంటలు మాత్రం ఎక్కడికీ పోలేదు, మా చిన్నమ్మ ఎడమ కంట్లోనే ఉన్నాయి.