మికోలా గారి ఆఫీసుకు, అక్కడి నుంచి మిల్వాకీకి

ఈ ప్రయాణం విహారార్థం చేపట్టినది కాదని ముందుగా మనవి చేసుకుంటున్నాను. 2014 శరదృతువులో, మేము నివసించే నేపర్‌విల్‌లోనే నేను చేస్తున్న ప్రాజెక్టు ముగిసింది. హెచ్-1బి వీసా మీద ఉన్నవాడి ప్రాజెక్టు ముగిస్తే, ఇక అతడు ఈ దేశంలో ఉండటం యజమాని దయ మీద ఆధారపడిన విషయం. నా యజమాని మికోలా అనే యుక్రేనియన్. కంపెనీలకు ప్రోగ్రామర్లను సమకూర్చడం ఆయన వ్యాపారం. అంతకుముందు నేనున్న మన వాళ్ళ కన్సల్టెన్సీ మూతపడినప్పుడు, నడుస్తున్న ప్రాజెక్టుతో సహా స్థిరాస్తి వలె ఆయనకు సంక్రమించాను. అప్పటివరకు మేము ముఖాముఖి కలుసుకోలేదు. ఆయన ఫోన్ చేసి చెప్పినవి రెండే మాటలు: "రేపు పొద్దున్నే ఆఫీసుకు రా. కోటు వేసుకుని రా."

మన కన్సల్టెన్సీలలో ఉద్యోగం ఇవ్వడమూ, తీసివేయడమూ ఫోన్‌లోనే జరుగుతాయి. ఇంటర్వ్యూలో ఫోన్‌లో మాట్లాడేది ఒకరు, ఉద్యోగంలో చేరేది మరొకరు అయిన సందర్భాలు కూడా లేకపోలేదు. అటువంటి సంప్రదాయంలో పెరిగిన మాకు, మనిషిని స్వయంగా రమ్మనడం అసాధారణ చర్యగా తోచింది.

"ఏమండీ, మంచి న్యూసైతే ఫోన్‌లోనే చెప్పేవాడుగా? ఫైర్ చేయడానికే రమ్మన్నాడు," అంది నా భార్య రాధ.

"మరి కోటెందుకు?"

"మర్యాదగా ఫైర్ చేస్తాడేమో. ముందు పాపకి స్కూల్ మధ్యలో మాన్పించాల్సొస్తే ఏం చెప్పాలో ఆలోచించండి."

నేపర్‌విల్ నుంచి చికాగో నడిబొడ్డుకు కమ్యూటర్ రైలులో గంట లోపే ప్రయాణం. టికెట్టు ఆరేడు డాలర్లు. పై అంతస్తులో కిటికీ పక్క ఒంటరి సీట్లుంటాయి. ఎవరితోనూ మాట్లాడనవసరం లేని ఆ సీటు, ఉద్యోగం పోబోతున్నవారికి ఎంతో అనుకూలమైనది. స్టేషను నుంచి పడమరకు వెళ్ళే సిటీ బస్సు ఎక్కితే, పచ్చని గుమ్మటాల చర్చీలు కనిపించే యుక్రేనియన్ విలేజ్ అనే పేటలో దిగవచ్చు. మికోలా గారి ఆఫీసు ఒక బేకరీ మీద ఉంది. మెట్లెక్కుతుంటే రొట్టెల వాసన వచ్చింది. ఆకలి వేయకపోవడాన్ని బట్టి నా మానసిక స్థితిని పాఠకులు అంచనా వేయవచ్చు.

మికోలా గారు అరవై దగ్గర పడిన భారీ మనిషి. నన్ను ఎగాదిగా చూసి "కోటు బాగుంది" అన్నారు. నేను ఏదో అడగబోతుండగా తానూ కోటు తొడుక్కుని, కారు తాళాలు చేతిలోకి తీసుకుని, వెంటనే మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. రిసెప్షన్‌లోని ఒక్సానా గారు కూడా టైపింగ్ ఆపి వచ్చి కూర్చున్నారు. నన్నూ కూర్చోమని సైగ చేశారు. ఇద్దరూ తలలు వంచుకుని మౌనం పాటించారు. సభలలో సంతాప తీర్మానం తరువాత ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. దివంగతమైనది నా ఉద్యోగమేనని గ్రహించి, సంప్రదాయానికి లోటు రాకూడదని లేచి నిలబడ్డాను.

"సర్, ఇంతకాలం నాకు మీరిచ్చిన అవకాశానికి..."

"కూర్చో," అన్నారు మికోలా గారు. "మాట్లాడకు. ప్రయాణం చెడుతుంది."

"ఏ ప్రయాణం సర్?"

"మిల్వాకీ. కొత్త క్లయింట్. నీకు చెప్పలేదా?"

"చెప్పలేదు," అన్నారు ఒక్సానా గారు, ఆయన వైపే చూస్తూ. "మీరు ఎవరికీ ఏమీ చెప్పరు."

దూరం వెళ్ళే ముందు ఇంట్లోవాళ్ళంతా కాసేపు మౌనంగా కూర్చోవడం వాళ్ళ ఆచారమట. బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే కూర్చుని మంచినీళ్ళు తాగే దేశం నుంచి వచ్చిన నేను, ఆ సంగతి ఎందుకు ఊహించలేకపోయానో ఇప్పటికీ తెలియదు.

మిల్వాకీ రెండు గంటల దారి. కారులో మికోలా గారు తన ఉద్యోగ చరిత్రను క్లుప్తంగా వివరించారు. యుక్రేన్‌లోని దొనేత్స్క్‌లో ఇంజనీరు. చికాగో వచ్చి ఫర్నిచర్ మోశారు. తర్వాత ప్రోగ్రామరయ్యారు. 2001లో కంపెనీ కూలి, ఉద్యోగం పోయింది. వంటగదిలో ఫోన్ పెట్టుకుని, తనలాగే రోడ్డున పడిన స్నేహితులకు పనులు వెతకడం మొదలుపెట్టారు. తనకు మాత్రం దొరకలేదు. అలా అదే వ్యాపారమైంది.

"అందర్నీ ఇలా స్వయంగా తీసుకెళ్తారా సర్?"

"ఒకసారి ఫోన్‌లో ఒకడు మాట్లాడాడు, పనికి ఇంకొకడొచ్చాడు. క్లయింట్ పోయాడు. అప్పట్నుంచీ మనిషిని నేనే తీసుకెళ్ళి కూర్చోబెడతా." నన్ను ఒకసారి చూశారు. "వాడు మీవాడే."

నేను దారి పక్క బోర్డులను శ్రద్ధగా చదవసాగాను.

"ఈ వేసవిలో యుద్ధం ముదిరాక మా అమ్మ దొనేత్స్క్ వదిలి వచ్చేసింది," అన్నారాయన ఇంకొంత దూరం పోయాక. "కూర్చోకుండా బయల్దేరింది. టైం లేదు." కాసేపటికి మిల్వాకీని ఆనుకుని ఉన్న సరస్సు కనిపించింది.

క్లయింటు ఒక బీమా సంస్థ. లోపలికి పంపుతూ ఆయన ఇచ్చిన శిక్షణ ఒకే వాక్యం: "తెలియనిది తెలియదని చెప్పు." నా వృత్తి జీవితంలో ఆ మాటను అధికారికంగా పలకడం అదే ప్రథమం. రెండుసార్లు పలికాను. గంట తర్వాత నన్ను ఇంటర్వ్యూ చేసిన మేనేజరు క్యాంటీన్‌కు వచ్చి, మికోలా గారితో "సోమవారం నుంచి పంపండి" అన్నాడు. మికోలా గారు సూప్ తాగుతూనే తల ఊపారు. వీసా పొడిగింపు కాగితాలు ఆ వారమే పంపుతానన్నారు. పార్కింగ్ లాట్‌లో నిలబడి రాధకు ఫోన్ చేశాను.

"ఉంచాడా?" అంది. ఉంచాడన్నాను. "పొద్దున్నుంచీ తినలేదు కదా, ఏమైనా తినండి ముందు," అంది.

తిరుగు ప్రయాణంలో నాకు అర్థమైనదిది: ఉద్యోగం, వీసా, ఇల్లు అనే మూడింటినీ ఒకే తాడుకు కట్టుకుని బతికేవాళ్ళం మేము, ఎవరు పిలిచినా తాడు తెంచడానికే అనుకుంటాము. ఒకప్పుడు అదే తాడు తెగిన మనిషి, మాటలు పొదుపు చేస్తూ, మరొకరి తాడును ముడివేస్తూ తిరుగుతున్నాడు. ఇటువంటి పని మీద వెళ్ళేవారికి నా సూచన ఒక్కటే. రైలుకు రానూ పోనూ టికెట్టు ఉదయమే కొనుక్కోండి. నేను నిరాశకొద్దీ పోవడానికి మాత్రమే కొన్నాను. సాయంత్రం రద్దీలో కౌంటరు ముందు నిలబడి ఒక రైలు పోగొట్టుకున్నాను. వార్త మంచిదైనా చెడ్డదైనా, రాత్రికి ఇంటికే కదా రావాలి.