కొర్రకొత్త నాడు నేను పెట్టిన వంక

"చేదుగా ఉందమ్మా!" అని మా ఆరేళ్ళ సిరి మొదటి ముద్దకే మొహం చిట్లించింది. ఏదో ప్రమాదం ఉందని అప్పుడే తెలిసింది. ఆ ప్రమాదం నేనేనని తెలియడానికి మాత్రం ఇంకో రెండు గంటలు పట్టింది.

మా ఆయనకు అనంతగిరి దగ్గర కాఫీ తోటలో ఉద్యోగం. మా పిల్లలిద్దర్నీ చూసుకోవడంలో నాకు సాయంగా ఉండే చిలకమ్మత్త ఊళ్ళో ఆరోజు కొర్రకొత్త పండుగ. కొత్త కొర్రలు దేవతకు పెట్టాకే ఎవరైనా తినాలి. మమ్మల్నీ పిలిచి, విస్తళ్ళలో కొర్రన్నం వడ్డించింది. నేనూ తిన్నాను. ఇనుప గరిటె నాకినట్టుంది.

బీఎస్సీ చదివినదాన్ని, ఊరుకుంటానా? "అత్తా, పిల్లలకి పెట్టొద్దు! గింజలు పాడైపోయాయి!" అని అరిచాను.

పందిట్లో మోగుతున్న డప్పు ఆగిపోయింది. ఏడాదంతా కొండవాలులో ఒళ్ళు వంచి పండించిన పంటకు, దేవత ముందే, విస్తరి ముందు కూర్చుని వంక పెట్టానన్నమాట.

చిలకమ్మత్త తిని చూసింది. ఆమె మొగుడూ తిన్నాడు. "బాగానే ఉంది కదా! ఏటమ్మా అలాగంతావు?" అంది, కళ్ళలో నీళ్ళతో. అంతలో తనే సిరి గడ్డం పట్టుకుని పైకెత్తింది. "ఏదే గుంటా, నోరు తెరు... ఓలమ్మో! సిగుళ్ళు సూడు, ఎలా ఒరుసుకుపోయాయో! దీని నోట్లో ఏటి పోత్తన్నావు?"

జీపెక్కి అరకులో పళ్ళ డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. ఆయన సిరి నోట్లోకి చూసి నావైపు తిరిగాడు.

"పుక్కిలించే మందు మీ పన్ను తీసినప్పుడు అయిదు రోజులకని ఇచ్చాను కదా?"

"అవునండీ. క్రిములు చస్తాయి కదాని నేనూ మానలేదు, పిల్లలకీ పట్టిస్తున్నా."

"ఎన్నిసార్లు?"

"రోజుకి నాలుగే! మూడు వారాలుగా."

ఆయన పెన్ను కింద పెట్టేశాడు. "చేదు గింజల్లో లేదమ్మా, మీ మందులో ఉంది. నోట్లో ఉన్నవన్నీ శత్రువులనుకున్నారా?"

ఆ తర్వాత ఆయన విడమర్చి చెప్పాడు. చిగుళ్ళ అంచుల వెంట కంటికి కనబడని మంచి బ్యాక్టీరియా గుంపులు గుంపులుగా కాపురముంటాయట. చోటంతా తామే ఆక్రమించి, చెడ్డవాటిని కాలు పెట్టనివ్వవట. కొన్నయితే వాటిని అణిచే పదార్థాలు కూడా తయారుచేస్తాయట. కొర్రచేలో మంచెల మీద కూర్చుని చిలకల్ని తోలే జనంలా, నా బిడ్డ నోట్లో జీతం అడగని కావలి! ఆ కావలివాళ్ళని రోజుకి నాలుగుసార్లు మంచెల మీంచి తోసేసిన మహాతల్లిని నేను.

మందు మానేస్తే చిగుళ్ళు మానుతాయన్నాడు. సాయంత్రం పందిట్లోకి వెళ్ళి అందరి ముందూ చెప్పాను. "కొర్రలు బంగారం. పాడైంది మా నోళ్ళు. పాడుచేసింది నేను."

చిలకమ్మత్త ఫక్కున నవ్వేసింది. "సదువుకున్నోళ్ళు మందేసి మరీ పాడుసేసుకుంటారర్రా!" డప్పు మళ్ళీ మోగింది.

డాక్టరు చెప్పనిదే ఏ సీసా మూతా తీయనని ఆ డప్పు సాక్షిగా ఒట్టేసుకున్నాను. మర్నాడు పొద్దున్నే పిల్లలిద్దర్నీ నిలబెట్టి చెప్పాను. "మెల్లగా తోముకోండి, లోపల మనవాళ్ళున్నారు. ఎవరింట్లోనైనా వంట బాగోలేదనిపిస్తే నోరెత్తకండి. ముందు మీ అమ్మ ఏం చేసిందో కనుక్కోండి."