ఎనభై దగ్గర ఆగిన పాదరసం

మాస్టారు పోయారని ఫోను వచ్చేసరికి నేను వన్ టౌన్‌లో కలరా ఉండలు కొంటున్నాను. ఆయన పురమాయించినవే. ఉయ్యూరు దగ్గరి హైస్కూల్లో మాకు సైన్సు చెప్పి రిటైరైన ఆయన, ఏటా పదో తరగతి చేత ఒక ప్రయోగం చేయించడానికి మళ్ళీ బడికి వచ్చేవారు. కలరా ఉండల పొడిని గాజుగొట్టంలో వేసి, ఆ గొట్టాన్ని మరిగే నీళ్ళలో ఉంచి పొడి కరిగించి, అది చల్లారుతుంటే అరనిమిషానికోసారి థర్మామీటరు చూసి రాయాలి. ఈ ఏడు మంచాన పడి, ఆ పని నాకు అప్పగించారు.

"చీరల మడతల్లోకా బాబూ?" అని కొట్టాయన అడుగుతున్నాడు. డబ్బులిచ్చి పొట్లం అందుకున్నాను.

ప్రయోగం కంటే మాస్టారి తయారీయే పెద్దది. చాలా రోజుల ముందు నుంచే టీగ్లాసులో వేణ్ణీళ్ళు పోసి థర్మామీటరు చూడడం నేర్పేవారు. ఎవరైనా పైనుంచి తొంగిచూస్తే ఊరుకునేవారు కాదు. "పాదరసం నీ దగ్గరికి రాదురా. నువ్వే మోకాళ్ళు వంచాలి."

నాకప్పుడే విద్యార్థి సంఘం కరపత్రాల పిచ్చి. ల్యాబ్‌లోనూ ఉపన్యాసం మొదలెట్టేవాణ్ణి.

"ఈ బట్టీ చదువులు ఎప్పుడు మారతాయి మాస్టారూ?"

"మారతాయిలే. ఈలోగా ఆ స్టాండు మర బిగించు, గొట్టం జారుతోంది."

క్లాసంతా నవ్వేది. నాకు ఒళ్ళు మండేది. అది చూసి, "కోపం మంచిదేరా. చేతుల్లోకి మాత్రం రానివ్వకు" అనేవారు.

మా ఏడాది పాదరసం ఎనభై డిగ్రీల దగ్గర ఆగిపోయింది. థర్మామీటరు పాడైందనుకుని అందరం డెబ్బై తొమ్మిది, డెబ్బై ఎనిమిది అంటూ దించుకుంటూ రాసేశాం. మాస్టారు తిట్టలేదు. మళ్ళీ కరిగించమన్నారు. "గొట్టం చూడండ్రా, గడ్డకడుతోంది. అది పూర్తిగా గట్టిపడేదాకా ఉష్ణోగ్రత దిగదు. ఆగిందంటే పని జరగట్లేదని కాదు."

ఆ మాట నాకిప్పటికీ పూర్తిగా మింగుడు పడదు. ఈ దేశంలో ఊరికే ఆగిపోయినవి ఎన్ని లేవు? ఆయనతో తేల్చుకోవాల్సిన తగువది. ఇక కుదరదు.

దహనమైన మర్నాడు బడికి వెళ్ళాను. "ఇంకెందుకయ్యా ఈ అవస్థ? పాత రీడింగులు బోర్డు మీద రాసెయ్యి. పిల్లలు ఎక్కించుకుంటారు, మార్కులెటూ పడతాయి" అన్నారు హెడ్మాస్టరుగారు.

"చూడనిది రాయమని నేను చెప్పలేనండీ."

గొంతు లేచింది. చేతులు జేబుల్లో దోపుకుని ల్యాబ్ తాళం అడిగాను. ఆయన సొరుగులోంచి తీసి ఇచ్చారు. "ముందు కిటికీలు తీయించు, ఆ ఉండల వాసన ఘాటు. మాస్టారు అదే చేసేవారు."

ల్యాబ్‌లో పిల్లల కళ్ళముందు పాదరసం దిగింది, దిగింది, ఆగింది.

"రాసెయ్యవే, ఎలాగూ దిగేదేగా" అంది వెనక పిల్ల.

థర్మామీటరు ముందున్న అమ్మాయి మోకాళ్ళు వంచింది. "నువ్వుండవే. దిగట్లేదు. ఎనభయ్యే రాస్తున్నా."

అరనిమిషానికి మళ్ళీ వంగింది. "ఎనభై." మళ్ళీ. "ఎనభై."

నేను నిలవలేక బల్ల చుట్టూ తిరుగుతున్నాను.

"కాసేపు కదలకండి అన్నయ్యా, బల్ల ఊగుతోంది" అంది, చూపు తిప్పకుండానే.

ఆగాను. గొట్టం లోపల తెల్లటి పలుకులు ఒకదాన్నొకటి పట్టుకుంటూ, చప్పుడు లేకుండా, పైకి అల్లుకుంటున్నాయి.