రాయి కింద గుడ్లు

తొంభైల చివర్లో గూడెం కొత్తవీధి దగ్గర కాఫీ తోటల పనికి సూపర్‌వైజర్‌గా ఉండేదాన్ని. మైదానం నుంచి వచ్చి అప్పటికి ఆరేళ్లు. రోజూ కొండ ఎక్కడం, దిగడం, తడిసిన చీర ఒంటిమీదే ఆరడం. అలసట ఎప్పుడు మొదలైందో కూడా గుర్తుండేది కాదు.

కాఫీ మొక్కలు నాటడానికి మేలోనే అయిపోవాల్సిన గుంతలు ఆ ఏడు వానలు పడ్డాక కూడా తవ్విస్తూనే ఉన్నాను. ఒకరోజు పనివాళ్లలో ఒకతను గునపంతో రాయి దొర్లించి, "పామమ్మా!" అంటూ గునపం ఎత్తాడు. పక్కనే ఆకుచెత్త తీస్తున్న ముసలామె అతని చెయ్యి పట్టుకుంది.

"సంపకురా. పాము కాదది. గుడ్లు కాసుకుంటంది."

వంగి చూశాను. జానెడు పొడవు, ఊదారంగు, వానపాముకున్నట్టే ఒంటినిండా గీతలు. కాళ్లు లేవు. కళ్లు ఉన్నాయో లేదో తెలియలేదు. చుట్టలు చుట్టుకున్న ఆ ఒంటి మధ్య ఉడికిన సగ్గుబియ్యం లాంటి గుడ్లు. అది కప్పలకు చుట్టమని, సిసిలియన్ అంటారని చాలా ఏళ్ల తర్వాత అడవుల గురించి చదువుకుంటున్న ఒక అమ్మాయి చెప్పింది. తడిమట్టిలోనే బతుకుతుందట. చెదలూ వానపాములూ తింటుందట. గుడ్లు కాసే రోజుల్లో తిండికి కూడా కదలదట.

రాయి మళ్లీ కప్పించి, ఆ చుట్టుపక్కల గుంతలు వద్దన్నాను.

తర్వాత రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక వెళ్లి రాయి ఎత్తి చూసేదాన్ని. అది అలాగే ఉండేది. ఎక్కడికీ వెళ్లనక్కర్లేని ఆ ప్రాణిని చూస్తుంటే కాసేపు ఒళ్లు తేలికపడేది.

"ఏటమ్మా, రోజూ ఎత్తి సూత్తన్నావు?" అంది ముసలామె.

"ఒక్కసారి చూసి కప్పేస్తున్నాగా, పెద్దమ్మా."

ఆమె మళ్లీ ఆకుచెత్త తీయడానికి వంగింది.

తొమ్మిదో రోజో పదో రోజో రాయి ఎత్తితే తల్లి లేదు. గుడ్లు రెండే ఉన్నాయి, చీమలు పట్టి. మిగతావి తల్లే తినేసిందో, మరేదైనా తిన్నదో. అక్కడే కూలబడ్డాను. ముసలామె వచ్చి చూసి, రాయిని మెల్లగా దించింది.

"నా వల్లేనా, పెద్దమ్మా?"

"మరింకెవరమ్మా?" ఆ గొంతులో కోపం లేదు. "లెగమ్మా, బేగి. వానొచ్చీలాగుంది."

లేచాను. మర్నాడు అక్కడా గుంతలు తవ్వించాను. మోకాళ్లు మొరాయించి బదిలీ అడిగేదాకా ఇంకో నాలుగేళ్లు ఆ కొండమీదే పనిచేశాను. ఆ జీవి మళ్లీ కనబడలేదు. నేనూ వెతకలేదు.