గేటు దగ్గర, పొద్దున్నే

పరీక్షల డ్యూటీ మీద విశాఖ నుంచి గోదావరిఖని వెళ్లాను. రామగుండం స్టేషన్ దగ్గర ఎక్కిన బస్సులో నా పక్క సీటాయన రెండో షిఫ్టుకు వెళ్తున్న బొగ్గుబాయి కార్మికుడు, పేరు రాజయ్య. నా సంచికున్న నల్లబ్యాడ్జి చూసి, “ఏందక్కా, మీకు గూడ సమ్మెనా?” అన్నాడు.

“సమ్మె కాదన్నా. పాలస్తీనాలో బాంబులకు యూనివర్సిటీలు కూలిపోయాయి. అక్కడి మాస్టార్ల కోసం మా యూనివర్సిటీ ఉద్యోగులం ఇవి పెట్టుకుని నిలబడుతున్నాం. మొన్న ఏడుగురమే వచ్చాం. ఇక ఆపేద్దామనుకుంటున్నాం.”

‘వాళ్ల గోల మనకెందుకు?’ అని మా ఊళ్లో అందరూ అడిగారు. ఈయనా అడుగుతాడని జవాబు సిద్ధంగా పెట్టుకున్నాను. ఆయన అది అడగనే లేదు.

“ఏ టైముకు నిలబడ్డరు?”

“సాయంత్రం, క్లాసులయ్యాక.”

రాజయ్య నెత్తి కొట్టుకున్నాడు. “డ్యూటీ దిగినోడు ఇంటి దిక్కే సూస్తడక్కా! ఎవలాగుతరు? మా బాయి కాడ గేటు మీటింగంటే షిఫ్టు ఎక్కకముందే. లోపటికి పోవాల్నంటే గేటు దాటాలె గద. గాడ నిలబడి ఒక్కొక్కలకు మీరే బ్యాడ్జి పెట్టుండ్రి. వద్దనెటోడు తక్కువ.”

ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను, ఈ మాత్రం తోచలేదు. ఆయన ఫోన్ నంబరిచ్చి దిగిపోయాడు.

విశాఖ తిరిగొచ్చాక, సోమవారం పొద్దున తొమ్మిదింటికి మా యూనివర్సిటీ గేటు దగ్గర నిలబడ్డాం. పదింటికల్లా బ్యాడ్జీలు అయిపోయాయి. ఆగలేక ఫోన్ చేసి చెప్పాను.

“అయిపోతే నాతోని ముచ్చటేందక్కా?” అన్నాడు రాజయ్య. “జల్ది పోయి ఇంకింత నల్లబట్ట కొనుక్కరాండ్రి.”