కడుపు నిండితే తుమ్మే చిన్నాయన

ఈ నిలబడి తినే విందుల మీద నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. ప్లేటు పట్టుకుని ఎంతసేపు తిరిగినా "ఇంకొక్కటి వేసుకో" అనే మనిషి కనబడడు. ఆ రోజుల్లో అలా కాదు. నేను బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో బోల్టుల కొలతలు చూసే ఉద్యోగంలో చేరిన డెబ్బైల్లో, అతిథి చేయి అడ్డం పెడితే వేళ్ల సందులోంచి వడ్డించేవారు. వద్దంటే మొహమాటమని, గట్టిగా వద్దంటే మరీ మొహమాటమని అందరికీ నమ్మకం. నాకు కుదరవలసిన పెళ్లి ఆ నమ్మకం వల్లే చెడింది. (కొంత నా వల్ల కూడా.)

కడుపులో పుండు పడిందని మా చిన్నాయనకు దవాఖానలో సగం కడుపు కోసి తీసేశారు. అంతకుముందు ఆయన మా ఊరి పంక్తిభోజనాల్లో పేరు మోసిన తిండిపుష్టి గల మనిషి. ఆపరేషన్ తర్వాత ఒక వింత మొదలైంది. కడుపు నిండిన సంగతి ఆయన కడుపుకు తెలిసేది కాదు, ముక్కుకు తెలిసేది. నాలుగు ముద్దలు దిగగానే ఒక్క తుమ్ము. అక్కడ ఆపితే క్షేమం. ఇంకో ముద్ద పెడితే ఇంకో తుమ్ము, ఆ పైన పెరట్లోకి పరుగు. "ఎవలకన్న చెప్పినవనుకో, నా తల్కాయ మీద ఒట్టే. సగం కడుపోడని నవ్వుతరురా" అని నా చేత ప్రమాణం చేయించుకున్నాడు.

మా నాన్న లేడు కనుక పిల్లను చూడటానికి బాచుపల్లికి పెద్దమనిషిగా చిన్నాయనే వచ్చాడు. అమ్మాయి తల దించుకోలేదు. "బోల్టులల్ల కొలిచేదేముంటది?" అని సూటిగా అడిగింది. నా ఉద్యోగం గురించి ఇప్పటిదాకా ఎవరైనా అడిగిన తెలివైన ప్రశ్న అదొక్కటే. నేను అప్పుడే ఒప్పేసుకున్నాను. ఆ మాట పైకి అనడమే మిగిలింది, అది పెద్దల పని.

అమ్మాయి తండ్రి చిన్నాయన ప్లేటులో ఉప్మా, దాని పక్కన రెండు లడ్డూలు పెట్టి, దగ్గర కూర్చుని తినిపించినంత పని చేసి, "ఇగ చెప్పుండ్రి, పిల్ల నచ్చినట్టేనా?" అన్నాడు. చిన్నాయన నోరు తెరిచాడు. తుమ్మాడు.

"ఒంటి తుమ్ము!" అంది గోడవారన కూర్చున్న అమ్మాయి నాయనమ్మ.

దోషం పోవాలని మంచినీళ్లు ఇచ్చారు. "జర నోరు తీపి చేసుకోండ్రి, మల్ల అడుగుత" అంటూ ఆ తండ్రి ఇంకో లడ్డూ తుంచి స్వయంగా ఆయన నోట్లో పెట్టాడు. మళ్లీ అడిగాడు. మళ్లీ తుమ్ము. వెంటవెంటనే రెండు తుమ్ములు వస్తే మంచిదేనంటారు గానీ, ఈ రెండింటి మధ్యా ఒక లడ్డూ ఉంది. ఆ తండ్రి మరో లడ్డూ అందుకోవడం చూడగానే చిన్నాయన పెరట్లోకి పరుగెత్తాడు.

"ఇడిశిపెట్టు కొడుకా. దేవునికే ఇష్టం లేదు" అంది నాయనమ్మ.

"ఆయనకు కడుపు నిండింది." మూడే మాటలు. గొంతు దాకా వచ్చాయి. ఒట్టు గుర్తొచ్చింది. సంబంధం దగ్గర రోగం మాట ఎత్తకూడదని కూడా గుర్తొచ్చింది. తలుపు దగ్గర అమ్మాయి నా వైపే చూస్తోంది. నేను చాయ్ తాగాను. చాయ్ బాగుంది.

తిరుగు బస్సులో చిన్నాయన "నా వల్లనే సంబంధం చెడ్డదారా?" అన్నాడు. "లేదు చిన్నాయనా, లడ్డూలు మరీ పెద్దగ చేసిండ్రు" అన్నాను. ఆయన నవ్వలేదు.

కొన్నేళ్లకు బాలానగర్ బస్టాపులో ఆమె కనబడింది, పక్కన చిన్న కూతురు. అప్పటికి చిన్నాయన పోయాడు, ఒట్టూ ఆయనతోనే పోయిందనుకుని అంతా చెప్పాను: సగం కడుపు, ముక్కు, లడ్డూలు. (ఆ కథను నవ్వొచ్చేలా చెప్పడం అప్పటికి నాకు బాగా అలవాటైంది.) ఆమె చివరిదాకా విన్నది. బస్సు రావడం చూసి పిల్లను చంకనెత్తుకుంది.

"తుమ్మింది మీ చిన్నాయన. మీ నోటికేమైంది?"